పలిసపిట్ట

మూడో అరలో, నాఫ్తలీన్ వాసన కింద
వెల్లకిల పండుకొని ఉంటది.
కాలికి దారం, దారానికి చీటి,
చీటి మీద రేగొండ అని ఊరు పేరు.
కండ్లల్ల దూది.

హన్మకొండ కాలేజీ ల్యాబుల
ఇరవై రెండేండ్ల సంది
ఈ బీరువా తాళంచెవి నా మొలతాడుకే.
పిల్లలు అడుగుతరు,
కొంరెల్లన్నా, దీని తల నలుపే కదా?
కిటికీ కాడికి తీస్కపోయి జరంత వంచుత.
నెత్తి మీద ఊదా పారుతది,
మెడ కాడ ఆకుపచ్చ,
రెక్క మడతల ఉక్కు నీలం.
ఇంకింత వంచితే
ఏం లేదు, పొయ్యి మసి.

సారు ఒకనాడు రాలిన ఈకను నూరి చూపెట్టిండు.
గోధుమరంగు పొడి మిగిలింది, నశ్యం లెక్క.
మరి పచ్చ యాడ పోయింది సార్?
రంగు ఈకల లేదయ్యా, ఈక కట్టుబడిల ఉన్నది,
పొర మీద పొర, నడుమ ఎలుగు దెబ్బ తిని మర్లొస్తది అన్నడు.
పిల్లలు రాసుకున్నరు.
నాకు రాసుకునే పని పడలే.
మా మేనమామది కొత్తవాడ;
పడుగు నీలం, పేక ఎరుపు పోసి నేసిన గుడ్డ
నడిచే మనిషి మీద ఎన్ని రంగులు తిరుగుతదో
చిన్నప్పుడే చూసిన.

వీపు మీది గులాబి మాత్రం
ఏటేటా ఎలిసిపోతాంది.
అద్దిన రంగు పోతది, అల్లిన రంగు ఉంటది.

మొన్న మాఘంల మా అవ్వ ఓదెమ్మ
కండ్ల దవాఖానకని వచ్చి
నా కాడ స్టూలు మీద కూసున్నది.
తీసి అరచేతిల పెట్టిన.
చాలాసేపు ఏం అనలే.
"గిద్దెడు జొన్నల బరువు సుత లేదు కదరా.
దీనికా నేను గంత గంత రాళ్లు ఏసింది!"

మంచె మీద ఆమెవి పదకొండు పంటలు.
పాలకంకి పట్టంగనే గుంపు దిగేది.
దిగుడు కాదు, పరుచుకునుడు.
వడిసెల గిర్రున తిరిగి ఒక్క రాయి పోతే
చేనుకు చేనే లేచి
మబ్బుల కింద ఒక్క మడత పడి
పక్కోళ్ల చేన్ల వాలేది.
పక్కోళ్ల రాయికి మళ్ల మా చేన్ల.
"పొద్దుగాల మిడతలు ఏరుతుండె,
అప్పుడు కొట్టకపోదును.
ఎండెక్కినంక కంకుల మీద పడుతుండె,
అప్పుడు ఇడవకపోదును."
ఆమె లెక్క అంతే, సగం దోస్తు, సగం దొంగ.

"గూడు ఒక్కనాడు చూడలే. పిల్లల్ని యాడ పెడ్తదిరా?"
ఈడ పెట్టదే. కొండలు దాటి, ఎడారులు దాటి,
చెట్టు లేని గడ్డినేలల్ల
రాళ్ల కుప్పల సందుల పెడ్తదట.
ఎండకాలం ముంగట పోయి, వానల నడుమ మర్లొస్తది.
అవ్వ నవ్వింది.
"గట్లనా! నేను చుట్టమనుకున్న.
ఇది కైకిలికొచ్చేది."

ఇంకోటి చెప్పిన.
వచ్చినప్పుడు దుమ్ముకొట్టుకపోయి ఉంటది,
ఈకల కొసలు మట్టిరంగు.
పోయే ముందల నిగనిగలాడ్తది.
కొత్త ఈక మొలవదు.
కొసలు అరిగి, అరిగి,
లోపలిది బయటపడ్తది.
అవ్వ ఏమీ అనలే.
వడిసెల తాడు తిరిగిన చూపుడువేలు
బొటనవేలితోని రుద్దుకున్నది.
ఆడ తోలు ఇప్పటికీ
అద్దం లెక్క.

మా చెల్క పత్తికి పోయి పందొమ్మిదేండ్లు.
పత్తికి పిట్ట రాదు, కావలి అక్కెర లేదు.
మంచె కట్టెలు ఆ చలికాలమే మంటల పోయినయి.

తిరిగి పోయేటప్పుడు ములుగు తొవ్వల
బస్సు టైరు పంచరైంది.
ఆకు లేని మోదుగు మీద
నిప్పులెక్క పూలు,
పూల నడుమ కిచకిచ, కొట్లాట.
తేనె తాగి తాగి పుప్పొడితోని
నొసలు పసుపు పూసుకున్న పలిసలు,
నలభయో, యాభయో.
"మనయేనారా?"
శుక్లం పట్టిన కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నది.
మనయే అన్న.

డ్రైవరు హారన్ కొట్టిండు. అన్నీ ఒక్కసారే లేచినయి,
నల్లగ, పచ్చగ, మళ్ల నల్లగ.
అవ్వ కుడిచెయ్యి
దానంతట అదే పైకి పోయి
గాలిల ఒక్క సుట్టు తిరిగింది,
రాయి లేకుంట.